పుట్టింటి చేప

మా వైపు కొత్త బావిలో నీళ్ళు పడితే ముందు కొబ్బరికాయ కొడతారు, తర్వాత చేపను వదులుతారు. చేప తిరగని నీళ్ళు తాగడానికి మా అవ్వల కాలంలో ఎవరూ ఇష్టపడేవాళ్ళు కాదు. ఏదో ఒక చేప అయితే సరిపోదు. ఆ ఇంటి కోడలి పుట్టింటి బావి నుంచి రావాలి, కోడలి తల్లే స్వయంగా తేవాలి. ఎందుకని అడిగితే "అట్లే" అనేవాళ్ళు. చిన్నప్పుడు ఆ జవాబు వింటే నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు నేను అనంతపురంలో ఒక డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతున్నాను. పిల్లలు అడిగే చాలా ప్రశ్నలకు నేను చెప్పేదీ దాదాపు అదే జవాబు, కాకపోతే కాస్త పొడుగ్గా ఉంటుంది.

చేప పెద్దదేం కాదు, చిటికెన వేలంత. ఇసుక రంగు ఒళ్ళు, పక్కల గోధుమరంగు మచ్చలు, నోటి దగ్గర చిన్న చిన్న మీసాలు. అలికిడైతే చాలు ఇసుకలో దూరిపోతుంది. మావాళ్ళు దాన్ని ఇసక చేప అంటారు. కూరకు పనికిరాదు. దోమ పిల్లల్ని తిని నీళ్ళు తేటగా ఉంచుతుంది, దాని ఉద్యోగం అంతే. వంకలు పారే రోజుల్లో వంకల నిండా ఉండేవట. నాకు ఊహ తెలిసేసరికి మా వంకలోకి నీళ్ళ బదులు ఇసుక కోసం ట్రాక్టర్లు దిగేవి. చేపలు బావుల్లోనే మిగిలాయి.

మా ఊరు తనకల్లు దగ్గర. అమ్మ పుట్టిల్లు గోరంట్ల వైపు. పెళ్ళయిన కొత్తలో నాయన చేలో బావి తవ్వించి, నీళ్ళు పడ్డాయని కబురు పంపితే, మా అవ్వ ఇత్తడి బిందె ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చింది. బిందె మూతికి తడిగుడ్డ కట్టి ఉంది. కదిరిలో బస్సు మారినప్పుడు కండక్టరు "ఏముండాదవ్వా దాంట్లో?" అని అడిగితే "చుట్టాలప్పా. సీటు అడగర్లే" అందట. ఈ మాట అమ్మ నాకు ఎన్నిసార్లు చెప్పిందో. చెప్పిన ప్రతిసారీ నాకంటే ముందు తనే నవ్వేది. బిందె అడుగున పుట్టింటి బావి ఇసుక రెండు గుప్పిళ్ళు వేసి తెచ్చిందట అవ్వ. కొత్త బావిలో ముందు ఆ ఇసుక పోయాలి, తర్వాత దాని మీద చేపల్ని వదలాలి. ఇల్లు మారిన సంగతి వాటికి తెలియకూడదని.

పెద్ద చదువుకు నేను ఆ చేపనే ఎంచుకున్నాను. యూనివర్సిటీలో నాకు గైడుగా ఉన్న మా సారు మొదట నవ్వారు. "ఈ కరువు నేల మీద చేపల పరిశోధనేమమ్మా, వేరే ఏమీ దొరకలేదా?" అన్నారు. మర్నాడు సీసాలో ఒక చేపను తెచ్చి ఆయన బల్ల మీద పెట్టాను. భూతద్దం తీసుకుని చాలాసేపు చూశారు. కాఫీ చల్లారిపోయినా పట్టించుకోలేదు. చివరికి "ఇది పుస్తకాల్లో ఉన్న చేప మాదిరి లేదే" అన్నారు. ఆ రోజు నేను నడుస్తూ ఇంటికి వెళ్ళాను, బస్సు ఎక్కాలని కూడా తోచలేదు. అంత సంతోషం నా చదువులో మళ్ళీ రాలేదు.

కంటికి వేరుగా ఉంటే చాలదన్నారు సారు. దాని మైటోకాండ్రియా జన్యుపటం మొత్తం తీయించాలి. మైటోకాండ్రియా అంటే ప్రతి కణంలోనూ ఉండే చిన్న చిన్న వంటిళ్ళు. తిన్నదాన్ని శక్తిగా మార్చేవి అవే. వాటికి సొంతంగా కొంచెం డీఎన్‌ఏ ఉంటుంది, గాజులాగా గుండ్రంగా. ఇలాంటి చేపల్లో అది పదహారు వేల పైచిలుకు అక్షరాలు. ఉన్నవి నాలుగే అక్షరాలు, వాటినే అటూ ఇటూ మార్చి రాసుకున్న రాత అది. తండ్రి నుంచి రాదు. తల్లి నుంచి బిడ్డకు, ఆ బిడ్డ ఆడదైతే దాని బిడ్డలకు, అలా వస్తూ ఉంటుంది. ఈ సంగతి అమ్మకు చెబితే "అయితే మీ నాయనది ఏమీ రాదా?" అని, పోయిన నాయన తరఫున నొచ్చుకుంది. మిగతాదంతా ఇద్దరిదీ వస్తుందని చెప్పి సముదాయించాల్సి వచ్చింది.

సారు ఒక మాట ఇచ్చారు. ఆ పటంలో ఇది వేరే జాతి అని తేలితే, యూనివర్సిటీ ఆవరణలో ఒక సిమెంటు తొట్టి కట్టించి అక్కడ ఈ చేపల్ని పెంచడానికి పైవాళ్ళను ఒప్పిస్తామన్నారు. తేలకపోతే, పేరూ ఊరూ లేని చిటికెన వేలంత చేప కోసం తొట్టి కట్టేవాడు లేడు. పట్టా నాకు వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే. నాకు కావలసింది ఆ తొట్టి. ఎందుకంటే మా బావి ఎండిపోతోంది.

ఇంకే బావిలోనూ ఆ చేప మిగల్లేదు. తనకల్లు నుంచి గోరంట్ల దాకా నేను తొంగి చూడని బావి లేదు. కొన్నిట్లో తుమ్మ చెట్లు మొలిచాయి. ఒకదాంట్లో ఎవరో జిలేబీ చేపలు వదిలారు, అవి ఉన్నచోట ఇంకేదీ బతకదు. అమ్మ పుట్టింటి బావిని పూడ్చేసి దాని మీద ట్రాక్టరు షెడ్డు వేశారు. "ఏముండాదమ్మా దాంట్లో, పాములు తప్ప" అన్నాడు మామ. నేను ఆ షెడ్డులో, ఆయిలు మరకల మీద నిలబడి, కాఫీ తాగి వచ్చాను. ఇంకేం చేయాలో తెలియలేదు.

మా బావికి రాతి మెట్లున్నాయి. నా చిన్నప్పుడు నాలుగు మెట్లు దిగితే పాదాలు తడిసేవి. తర్వాత చుట్టూ బోర్లు పడ్డాయి. మా చేలో మా తమ్ముడు వేయించినవీ ఉన్నాయి. బోరు పడినప్పుడల్లా బావిలో ఇంకొన్ని మెట్లు బయటపడేవి. నేను వాడితో పోట్లాడాను. టమోటా సాళ్ళలో పైపులు సర్దుతూ, తల ఎత్తకుండానే, "అక్కా, నన్ను పంట పెట్టమంటావా, చేపలు సాకమంటావా? రెండిట్లో ఒకటి చెప్పు" అన్నాడు. ఆ చేనే అమ్మకు తిండి పెడుతోంది. నాకు వాడి మీద కోపం రావాలి, రాలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియకపోవడం కోపం కంటే పెద్ద శిక్ష.

జన్యుపటానికి చేపను చంపక్కర్లేదు. తోక అంచు చీమంత కత్తిరించి ఆల్కహాలు సీసాలో వేసుకుని, చేపను మళ్ళీ నీళ్ళలో వదిలేయవచ్చు. తోక మళ్ళీ పెరుగుతుంది. ఎండిన మెట్లన్నీ దిగి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, ఆ పని చేశాను. అమ్మ పై మెట్టు మీద, కొంగు నెత్తికి కప్పుకుని కూర్చుంది. "మెల్లగా పట్టే. నొప్పంటే చెప్పడానికి దానికి నోరుండాదా?" అని పైనుంచి ఒకటే తిట్లు. ఒక్కోదాన్ని వదిలినప్పుడల్లా "పోయినాదా? ఈదుతాండాదా?" అని అడిగేది. ఈదుతోందని చెప్పేదాకా ఇంకోదాన్ని పట్టనిచ్చేది కాదు.

సీసాలు బెంగళూరులో ఒక ల్యాబుకు పోయాయి. మిషను బాగాలేదన్నారు. బాగయ్యాక మా వంతు రాలేదన్నారు. ఈలోపల నేను రెండు చేపల్ని నా గదికి తెచ్చి, మా బావి నీళ్ళే పోసి గాజుతొట్టిలో పెట్టి చూశాను. అనంతపురం డాబా గది వేడికి అవి ఆగలేదు. పెద్ద తొట్టి, నీడ, లోతు ఉంటే తప్ప బతకవని అర్థమైంది. ఆ తొట్టి కోసం అడిగితే "రిజల్టు రానీమ్మా" అన్నారు సారు. ఆయన తప్పేం లేదు. ఆయన పైన ఉన్నవాళ్ళు కాగితం చూపించమన్నారు, ఆ కాగితం బెంగళూరులో ఒక మిషను కడుపులో ఉంది.

ఆ ఏడు ఎండలు ఉగాది కంటే ముందే వచ్చాయి. తమ్ముడి బోర్లు కూడా ఎండిపోయాయి. అమ్మ రోజూ పొద్దున బావి దగ్గరకు వెళ్ళి వచ్చి ఫోను చేసేది. కొలతలన్నీ ఒంటి మీదే చెప్పేది. మోకాలంటే మోకాలు, పిక్కంటే పిక్క. ఒకరోజు "చీలమండ దగ్గరికి వచ్చేసినాది పాపా" అంది. "ఏమీ పోయొద్దు, ఏమీ చేయొద్దు, ఆదివారం నేనొస్తా. డ్రమ్ములు తెచ్చి ఏదో ఒకటి చేస్తా" అన్నాను. సరేనంది. పెట్టేసింది. అమ్మ సరే అంత తొందరగా అన్నదంటే మనసులో ఇంకేదో అనుకుంటోందని నాకు తెలుసు. అయినా ఆ ఎండలో ఆవిడ ఏం చేయగలదులే అనుకున్నాను.

ఏం చేసిందో తర్వాత అమ్మ నోటా, పక్కింటి వదిన నోటా విన్నాను.

మా ఊరికి ఎండాకాలం నీళ్ళ ట్యాంకరు రోజు విడిచి రోజు వస్తుంది. ఆ రోజు ట్యాంకరు రాగానే అమ్మ తన వంతు బిందె నింపుకుని, ఇంటి వైపు కాకుండా చేను వైపు నడిచింది. వదిన అడ్డంపడి, "అత్తా, చేపలకు పోస్తావా ఏమి? ఈడ పిల్లోళ్ళకే లేవు" అంది. అమ్మ బిందె దింపకుండానే ఆగి, "మీ అమ్మ తెచ్చిచ్చిన చేపను నువ్వు సంపుకుంటివి. నేను సంపుకోను" అంది. వదిన వాళ్ళ బావి ఎండి చాలా ఏళ్ళయింది. వాళ్ళ అమ్మ కదిరి అవతల నుంచి చేపను తెచ్చిన రోజు ఊళ్ళో అందరికీ గుర్తే. వదిన తన బిందె కూడా ఎత్తుకుంది. ఆమె వెనక ఇంకొకామె, ఆ వెనక మరొకామె. అందరి పుట్టింటి చేపలూ ఎప్పుడో పోయినవే. తాగడానికి వరుసలో నిలబడి పట్టుకున్న నీళ్ళను, ఆ రోజు వంట ఎలా అవుతుందో కూడా చూసుకోకుండా, ఎండలో చేను దాకా మోసి, మెట్లన్నీ దిగి, బావిలో పోసి వచ్చారు. ఇది చెబుతున్నప్పుడు వదిన గొంతులో గర్వం ఉంది. ఉండాల్సిందే. నేను ఆ మనుషుల్లో పుట్టినందుకు నాకూ గర్వమే.

అయితే పక్క ఊళ్ళో అప్పుడు వాంతులు, భేదులు. అందుకని ఆ రోజు ట్యాంకరు నీళ్ళలో బ్లీచింగ్ పౌడరు గట్టిగా కలిపారు. బిందె దగ్గర ముఖం పెడితే ముక్కు మండేదట. ఆరోగ్యం సంగతి చూసే అమ్మాయి వచ్చి, మందు కలిపిన నీళ్ళివి, ఇవి తాగితే రోగం రాదు, పిల్లలకు కూడా ఇవే పట్టండి అని చెప్పి పోయింది. ఆమె చెప్పింది నిజమే. మనుషులకు నిజమే.

ఎవరో ఒకామె తన తొట్టిలో మందు కలపకముందు పట్టిన నీళ్ళు మిగిలున్నాయి, అవి పోద్దామా అని అడిగిందట. అమ్మ ఒప్పుకోలేదు. "పాచి నీళ్ళెందుకమ్మా? పాపం అవి శానా దినాల్నుంచి తిప్పలు పడతాండాయి. మందు నీళ్ళే పోద్దాం, బలమొస్తుంది" అంది. ఇంట్లో ఉన్నదాంట్లో మంచిది చుట్టానికి పెట్టడం అమ్మకు అలవాటు. ఆ అలవాటునే చేపలకూ చూపించింది.

మర్నాడు పొద్దున తమ్ముడు ఫోను చేశాడు. "అక్కా, వచ్చెయ్. చేపలన్నీ తేలినాయి" అన్నాడు.

నేను వెళ్ళేసరికి అమ్మ కింది మెట్టు మీద కూర్చుని ఒక్కో చేపనూ ఏరి తడిగుడ్డ మీద పేరుస్తోంది. తెల్లటి పొట్టలు పైకి పెట్టి ఉన్నాయి. నీళ్ళ దగ్గరికి దిగకముందే నాకు వాసన వచ్చింది. మా కాలేజీ బాత్‌రూములు కడిగిన రోజు వచ్చే వాసన. ఏం జరిగిందో ఎవరినీ అడగక్కర్లేకపోయింది. నేను ఆ బురద నీళ్ళలో కూర్చుని, ఎక్కడైనా ఒకటి ఇసుకలో దాక్కుని బతికి ఉంటుందేమోనని పొద్దు గుంకేదాకా చేతులతో తవ్వాను. ఇసుక అడుగున కూడా చచ్చినవే దొరికాయి. భయపడి లోపలికి దూరి, అక్కడ చచ్చిపోయినవి.

అమ్మ నా వీపు మీద చెయ్యి వేసింది. "ఒక దినం ముందు పోసింటే బతికుండేవి గదా పాపా? నీళ్ళు సాలక, ఊపిరాడక సచ్చినాయి. మేము శానా ఆలస్యం చేసినాం" అంది.

ఆవిడ ముఖంలోకి చూశాను. ఎండకు కమిలిపోయి ఉంది. బిందె మోసిన నడుము మీద ఇంకా చెయ్యి పెట్టుకునే ఉంది. "అవునమ్మా, ఆలస్యమైంది" అన్నాను. పై మెట్టు మీద నిలబడ్డ తమ్ముడు నా వైపు చూశాడు. వాడు చేలో మందులు కొట్టేవాడు, వాడి ముక్కుకూ తెలుసు. మేమిద్దరం ఇప్పటిదాకా ఆ సంగతి ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు.

తర్వాతి నెలలోనే వాన పడింది. బావిలో నీళ్ళు చేరాయని, ఇన్ని మెట్లు మునిగాయని తమ్ముడు ఫోను చేస్తే పెట్టేశాను. వాన కోసం పుట్టినప్పటి నుంచీ ఎదురుచూసే మా సీమలో, వాన పడితే అసహ్యం పుట్టిన మనిషిని బహుశా నేనొక్కదాన్నే.

ఇంకొన్నాళ్ళకు బెంగళూరు నుంచి రిజల్టు వచ్చింది. జన్యువులన్నీ దొరికాయి, వలయం ఎక్కడా తెగకుండా పూర్తయింది. ఇప్పటిదాకా లోకంలో ఎవరు చదివి పెట్టిన చేపతోనూ అది సరిపోలలేదు. సారు ఫోనులో గట్టిగా నవ్వుతూ అభినందించారు. చేపలు పోయిన సంగతి ఆయనకు చెప్పి ఉన్నాను, ఆ క్షణంలో మరిచిపోయినట్టున్నారు. గుర్తొచ్చాక నవ్వు ఆపేశారు. ఇంకొక సంగతి కూడా తేలింది. నేను తోక కత్తిరించిన చేపలన్నిట్లోనూ ఆ రాత ఒక్కటే, ఒక్క అక్షరం కూడా తేడా లేదు. అంటే, అవ్వ బిందెలో ఎన్ని తెచ్చినా, మా బావిలో బతికిన సంతతి దాదాపు ఖాయంగా ఒక్క ఆడచేపది.

ఆ ఫైలు నా కంప్యూటరులో ఉంది. ఇప్పుడు ఎవరైనా, ఏ దేశంలోనైనా తెరిచి చదువుకోవచ్చు. నేను అప్పుడప్పుడు తెరుస్తాను. నాలుగు అక్షరాలు, వరుస కింద వరుస. ఎంత కిందికి జరుపుకుంటూ పోయినా చేప కనపడదు. ఒక ప్రాణి తన తల్లి నుంచి మాత్రమే తెచ్చుకున్నదంతా నా దగ్గర ఉంది, దాన్ని ఇవ్వడానికి ఒక్క బిడ్డ లేదు. దీన్ని పరిశోధన అంటారట. నాకు మాత్రం చావు కబురు శుద్ధంగా రాసి పెట్టుకున్నట్టు ఉంటుంది.

అన్న మాట ప్రకారం తొట్టి మంజూరైంది. కాగితం చూపిస్తే పైవాళ్ళు ఒప్పుకుంటారని సారు చెప్పింది నిజమే. వేపచెట్టు నీడలో, లోతుగా, బాగా కట్టారు. ఖాళీగా ఉంచితే పగుళ్ళిస్తుందని నీళ్ళు నింపి పెట్టారు. నేను అటువైపు నుంచి వెళ్ళడం మానేశాను.

ఒకరోజు చెప్పాపెట్టకుండా అమ్మ వచ్చింది. చంకలో ఇత్తడి బిందె, మూతికి తడిగుడ్డ. గబగబా గుడ్డ విప్పి చూశాను. లోపల తడి ఇసుక ఉంది, అంతే.

"మన బావిది. ముందు ఇది పోసి పెట్టుకోవల్ల గదా. చేప దొరికినంక ఎవరు తిరుగుతారు మళ్ళా" అంది.

దొరకదని ఎలా చెప్పాలో తెలియక, అన్ని చేపలూ ఒక్క తల్లి బిడ్డలేనని తేలిందని చెప్పాను. కాసేపు ఆలోచించి "ఆ తల్లి రాత నీ కాడ ఉండాది గదా. దాంతో ఇంగొకదాన్ని సెయ్యలేరా?" అని అడిగింది. చెయ్యలేరన్నాను. "ఇంత సదివి?" అంది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. ఇంత చదివీ చెయ్యలేరమ్మా అన్నాను.

తొట్టి దగ్గరికి తీసుకెళ్ళాను. వంగలేక వంగి, బిందెను నీళ్ళ అంచుదాకా దింపి, ఇసుకను మెల్లగా జారవిడిచింది. నీళ్ళు కలకబారి మళ్ళీ తేరుకునేదాకా చూస్తూ నిలబడింది. యాడో ఒక బావిలో ఒకటన్నా ఉంటుందని, నేను దేవులాడటం మానకూడదని చెప్పింది. తర్వాత చేత్తో కొన్ని నీళ్ళు తీసుకుని వాసన చూసింది. ఆవిడ ముఖం చిన్నబోయింది.

"ఏం పాపా, దీంట్లో మందు కలపలేదా? ఈ తూరి ఆలస్యం సెయ్యొద్దండి. మొదట్నుంచీ మందు నీళ్ళే పోయించు" అంది.

"సరేమ్మా, పోయిస్తా" అన్నాను.